హనుమంతుడా, హల్కా?

మా మనవడికి ఏడేళ్లు. హనుమంతుడికీ హల్క్‌కీ యుద్ధమొస్తే ఎవరు గెలుస్తారని మొన్న భోజనాల దగ్గర అడిగాడు. వాళ్ల నాన్న ఫోన్‌లోంచి తలెత్తకుండానే "హనుమంతుడేరా, ఆయన దేవుడు కదా" అన్నాడు. ఆ జవాబు వాడికి నచ్చలేదు. దేవుడు కాబట్టి గెలుస్తాడంటే ఇక ఆటేముంది? నేను కూడా వాడి పక్షమే.

భోజనాలయ్యాక వాడి బొమ్మల రామాయణం తిరగేశాను. హనుమంతుడి పొట్ట మీద ఆరు పలకలున్నాయి. రాముడు అడవికి కాదు, జిమ్‌కి వెళ్లొచ్చినట్టున్నాడు. ఏ పేజీ తీసినా ఎవరో ఎవరినో కొడుతున్నారు. వాడు హల్క్‌ని తెచ్చి ఆ పక్కన నిలబెట్టాడంటే తప్పు వాడిది కాదు, ఆ బొమ్మలు వేయించినవాళ్లది.

పిల్లలు కామిక్స్‌కి మరిగారు కనుక దేవుణ్ణి కూడా వాటిలోనే కలిపి పట్టిద్దామన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1942లో అమెరికాలో మాక్స్ గెయిన్స్ బైబిల్ కథల్ని కామిక్స్‌గా అచ్చువేశాడు. వండర్ వుమన్‌ని జనంలోకి తెచ్చిన ప్రచురణకర్త కూడా ఆయనే. తర్వాత ఎడ్యుకేషనల్ కామిక్స్ అని సొంత కంపెనీ పెట్టుకున్నాడు. 1947లో పడవ ప్రమాదంలో పోయాడు. కొడుకు బిల్, ఈసీ అన్న పొడి అక్షరాలు ఉంచేసి, వాటి వెనక ఎడ్యుకేషనల్ తీసేసి ఎంటర్‌టైనింగ్ అని పెట్టాడు. బైబిల్ వచ్చిన ఇంట్లోంచే సమాధుల్లోంచి శవాలు లేచొచ్చే కథలు వచ్చాయి. 1954లో ఆ గొడవ సెనేట్ విచారణదాకా పోయింది. ఆ ఏడే ప్రచురణకర్తలు తమకు తాము కామిక్స్ కోడ్ రాసుకున్నారు. ఏ మతాన్నీ ఎగతాళి చేయరాదన్నది అందులో ఒక నియమం. మతం ఊసే ఎత్తకపోతే ఆ బాధే లేదు కదా! చాలామంది సూపర్ హీరోలు ఏ గుడికి వెళ్తారో పాఠకులకు దశాబ్దాలపాటు తెలియనే తెలియదు.

వాళ్లలో బెన్ గ్రిమ్ ఒకడు. 1961లో మొదలైన ఫెంటాస్టిక్ ఫోర్‌లో ఒళ్లంతా రాయైపోయిన మనిషి. అతన్ని గీసిన జాక్ కిర్బీ న్యూయార్క్ పేదల వాడలో పుట్టిన యూదుడు, అసలు పేరు జేకబ్ కర్ట్‌జ్‌బర్గ్. ఆ రాతిమనిషికి యూదుల టోపీ పెట్టి, ప్రార్థన శాలువా కప్పి కిర్బీ ఒక బొమ్మ వేసుకున్నాడు. అది తనకోసం వేసుకున్న బొమ్మ. పుస్తకంలో మాత్రం ఆ సంగతి 2002 దాకా రాలేదు. ఆ కథలో బెన్ తను పెరిగిన పేటకు వెళ్తాడు. తాకట్టు కొట్టు పెట్టుకున్న ముసలాయన దెబ్బతిని స్పృహ తప్పి ఉంటాడు. గోడలు పగలగొట్టే చేతులు అక్కడ ఎందుకూ పనికిరావు. చిన్నప్పుడు నేర్చిన షెమా ప్రార్థనను తడుముకుంటూ చదవడం మొదలుపెడతాడు. ముసలాయనకు తెలివొస్తుంది. యూదుణ్ణని చెప్పుకోవడానికి నీకు సిగ్గా అని అడుగుతాడు. నాలాంటి వికారాన్ని చూసి యూదులంతా ఇలాగే ఉంటారని జనం అనుకోకూడదనే చెప్పలేదంటాడు బెన్. నాకు తెలిసినంతలో సూపర్ హీరోల కథల్లో భక్తి ఇంత బాగా పలికిన చోటు ఇంకోటి లేదు. అక్కడ శక్తి దేవుడిది కాదు, బెన్‌ది. ఆ శక్తి చేతులెత్తేసిన చోట ప్రార్థన మొదలైంది.

2014లో సొంత పత్రిక దక్కిన కమలా ఖాన్ కూడా ఆ కోవలోదే. జెర్సీ సిటీలో ఉండే పాకిస్తానీ కుటుంబం పిల్ల, సూపర్ హీరోగా పేరు మిస్ మార్వెల్. రాసిన విల్లో విల్సన్ ముస్లిం. రాత్రిళ్లు ఇల్లు దాటుతున్నందుకు తిట్లు పడతాయనుకుంటూ కమల మసీదు పెద్ద దగ్గరికి వెళ్తుంది. ఆయన తిట్టడు. జనానికి సాయపడాలని నిశ్చయించుకుంటే ధైర్యంగా, నిజాయితీగా చెయ్యి, ముందు ఒక గురువుని వెతుక్కో అంటాడు. మన పిల్లల కామిక్స్‌లో ఇలాంటి గురువు కనిపిస్తే నాకు చెప్పండి.

మన దగ్గర ఈ పని తలకెత్తుకున్నది అనంత్ పాయ్. 1967లో ఢిల్లీలో ఒక టీవీ క్విజ్ చూశానని, గ్రీకు దేవతల గురించి చెప్పగలిగిన విద్యార్థులు రాముడి తల్లి పేరు దగ్గర నీళ్లు నమిలారని ఆయనే చెప్పేవారు. అంతకుముందు ఫాంటమ్‌ను మన పిల్లలకు అందించిన ఇంద్రజాల్ కామిక్స్‌లో పనిచేసినవారే. అమర చిత్ర కథ అలా పుట్టింది. మొదటి పౌరాణికం కృష్ణుడి కథ. అందులో లీలల్ని ఎంతదాకా చూపాలో తెలియక వెనకాడానని ఆయన తర్వాత ఒప్పుకున్నారు. ఆ వెనకాడడం నాకు నచ్చుతుంది. తర్వాత వచ్చినవాళ్లకు ఆ శంకే లేదు. గళ్లలో కట్టిన కథకు గడిగడికీ ఏదో ఒకటి జరుగుతుండాలి. చెట్టు చెట్టునూ సీత జాడ అడుగుతూ రాముడు ఏడ్చిన అరణ్యకాండకు ఒక్క గడి దక్కితే గొప్ప.

మన చందమామ ఇలా చేయలేదు. పేజీకో బొమ్మ, మిగతాదంతా కథ. సంపాదకుడిగా అచ్చులో వేరేవాళ్ల పేరు ఉండేది గానీ 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ పని చూసింది కొడవటిగంటి కుటుంబరావు. ఆయన హేతువాది, మార్క్సిస్టు, విరసం (విప్లవ రచయితల సంఘం) సభ్యుడు. దేవుణ్ణి నమ్మని మనిషి చేతిమీదుగా తెలుగు పిల్లలకు దేవుళ్ల కథలన్నీ అందాయి. నమ్మమని మెడ మీద కూర్చోలేదు, నమ్మొద్దని గిల్లనూ లేదు. అందులో చిత్రకారుడు శంకర్ వేసిన బొమ్మల్లో దేవుళ్లకు కండలకన్నా కళ్లు ముందు కనిపించేవి.

ఛోటా భీమ్ మీద నాకు ఫిర్యాదు లేదు. 2008 నుంచి టీవీలో లడ్డూలు తింటున్న ఆ హైదరాబాదు బొమ్మకు మహాభారత భీముడి పేరు, ఆకలి, బలం తప్ప ఇంకేమీ అంటలేదు. తనకు దణ్ణం పెట్టమని వాడు అడగడు కూడా.

చివరికి మనవడి ప్రశ్నకు నేనిచ్చిన జవాబు ఇదీ. సముద్రం ఒడ్డున వానరులంతా ఎవరెంత దూరం దూకగలరో లెక్కలు చెబుతున్నారు. ఒకడు పది యోజనాలంటాడు, ఇంకొకడు ఇరవై. అంగదుడు నూరూ దూకుతాను గానీ తిరిగి రాగలనో లేదో అంటాడు. హనుమంతుడు ఒక పక్కన కూర్చుని మాటైనా మాట్లాడడు. జాంబవంతుడు దగ్గరికెళ్లి, నువ్వెవరివో తెలుసా అని పుట్టుక నుంచి చెప్పుకొస్తే గానీ లేవడు.

"హల్క్‌కి ఎవరు చెప్తారు తాతా?" అన్నాడు వాడు. నాకు తెలియదన్నాను.

వాడి బొమ్మల రామాయణం మళ్లీ తీసి చూశాను. ఒక పేజీలో సముద్రం, తిప్పితే హనుమంతుడు గాల్లో ఉన్నాడు. వేసినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మళ్లీ ముద్రించేటప్పుడు మధ్యలో ఆ ఒక్క పేజీ చేర్చండి.