మహావృక్ష సందర్శనము

సెలవులు వచ్చినతోడనే తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని యేదేని వింతను చూచి వచ్చుట మంచి యాచారము. పుస్తకమున పలుమారు చదివినను బోధపడని సంగతి కంటితో నొక్కసారి చూచినంతనే మనస్సున నాటుకొనును. మన బేతంచెర్లవారు డోను, కర్నూలు మీదుగా రైలులో మహబూబునగరము చేరినచో, ఆ పట్టణ సమీపమున పిల్లలమఱ్ఱిని చూడవచ్చును. కదిరికి చేరువను తిమ్మమ్మ మఱ్ఱిమాను కలదు. సుమారు అయిదెకరముల నేలను కప్పిన యీ వృక్షము 1989లో గిన్నిసు గ్రంథమున కెక్కినది. ఇట్టి మహావృక్షములను చూడబోవు కుటుంబముల విషయమై నా యభిప్రాయము నిచ్చట విన్నవింతును.

పిల్లలమఱ్ఱి వయస్సు సుమారు ఏడువందల యేండ్లని చెప్పుదురు. ఎన్ని రాజ్యములు మాఱినను చెక్కుచెదరని యీ వృక్షమునకు మన కాలమున ఆపద వచ్చినది. 2017 చివర దాని కొమ్మ యొకటి విఱిగి పడెను. చెదలు లోలోపల తొలిచివేయుచున్నట్లు కనుగొని, ఆ డిసెంబరులో సందర్శకుల రాకను నిలిపివేసిరి. 2018 ఏప్రిలులో, ఆసుపత్రిలో రోగికి సెలైను ఎక్కించునట్లు, చెదలమందు కలిపిన నీటిని సీసాలలో పోసి, కొమ్మలకు వ్రేలాడగట్టి, బొట్టుబొట్టుగా మానులోనికి ఎక్కించిరి. వాలిన కొమ్మలకు ఆధారములు నిలిపిరి.

చెదలు మాత్రమే చెట్టునకు శత్రువులా? మఱ్ఱికొమ్మ తన బరువును ఊడలమీద మోపును. ఊడ నేలనంటి వేరు పాఱినప్పుడే స్తంభమగును. లేత ఊడలను పట్టుకొని ఊగినచో అవి నేల చేరకమునుపే తెగిపోవును. వేలకొలది పాదములు త్రొక్కిన నేల గట్టిపడి, వేళ్లకు గాలియు నీరును అందనీయదు. మన యూరి నాపబండలు ముంగిట పఱచిన ఇంటికి శోభ. అవే మఱ్ఱి క్రింద పఱచినచో ఊడకు చోటుండదు. కాబట్టి ప్రేమతో చూడవచ్చినవారును తెలియక కీడు చేయగలరు.

ఇది మన దేశమునకే పరిమితమైన దోషము కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా కొండలమీద సీకోయా యను మహావృక్షములు కలవు. వానిలో జనరల్ షెర్మన్ అను చెట్టు 275 అడుగుల యెత్తు గలది. అచ్చటి మారిపోసా వనములో వవోనా యను చెట్టు మొదలును 1881లో సొరంగముగా తొలిచి, దాని గుండ బండ్లు పోవునట్లు చేసిరి. కుటుంబములు బండ్లలోను, పిమ్మట మోటారుకార్లలోను దానిగుండ పోయి, ఛాయాచిత్రములు తీయించుకొని సంతసించిరి. తొలుచుటచే బలము తగ్గిన యా చెట్టు 1969 నాటి శీతకాలమున మంచు బరువునకు కూలిపోయెను. వారు దానినుండి పాఠము నేర్చిరి. 2015లో ఆ వనమును మూసి, వేళ్లమీదుగా పోవు బాటలను కొన్నింటిని, బండ్లు నిలుపు చోటులను తొలగించి, 2018లో మరల తెఱచిరి.

అట్లయిన చూడబోవుటయే మానవలెనని కొందఱందురు. నేనందుకు సమ్మతింపను. తాళము వేసిన వనమున చెట్టు బ్రదుకవచ్చును. కాని బాల్యమున చూడని దానిపై పెద్దయిన పిమ్మట మమకార ముండదు. రేపు దానికి గొడ్డలి వచ్చినప్పుడు అడ్డుపడువా రెవరు? కనుక పోవలెను, పెద్దల యెదుట నిలుచునట్లు నిలువవలెను. కంచె దాటరాదు, ఊడ లాగరాదు, బెరడుపై పేరు చెక్కరాదు. ఈ నియమములను తల్లిదండ్రులు ఆజ్ఞగా చెప్పి యూరకుండక, వాని కారణమును గూడ పిల్లలకు తెలుపవలెను. కారణ మెఱిగిన బాలుడు కావలివాడు లేనిచోటను కంచె దాటడు.

విద్యార్థులారా, దూరప్రయాణమునకు వీలులేనివారు విచారింపనక్కఱలేదు. మీ వీధిలోని వేపనో చింతనో యెవరు నాటిరో మీ తాతనడిగి తెలిసికొనుడు. దాని మొదట చెత్త కాల్చకుండునట్లును, మేకులు దిగగొట్టకుండునట్లును చూచుకొనుడు. ఇంటియొద్ద ఈ మర్యాద నేర్చినవారికే మహావృక్షముల యొద్దకు పోవు అర్హత కలుగును.