తాళం గుర్తు ఉన్నా తప్పు మనదేనా?

“అడ్రస్ బార్‌లో తాళం గుర్తు ఉందో లేదో చూసుకుని పాస్‌వర్డ్ కొట్టండి” అని ఇంట్లో అమ్మానాన్నలకి మనలో చాలామంది చెప్పే ఉంటాం. ఎవరి డబ్బులైనా పోతే “చూసుకోవాలి కదా!” అనేదీ మనమే. కానీ అన్నీ చూసుకున్నా డబ్బులు పోయిన సందర్భం ఒకటుంది.

2022 ఫిబ్రవరి 3, దక్షిణ కొరియా. క్లేస్వాప్ అనే క్రిప్టో సైట్, కకావో కంపెనీ సర్వర్ నుంచి ఒక జావాస్క్రిప్ట్ ఫైల్ తెచ్చుకుని వాడేది. దొంగలు సైట్ జోలికీ పోలేదు, సర్వర్ జోలికీ పోలేదు. “ఆ ఐపీ అడ్రసులకి దారి మా వైపే” అని బీజీపీలో ప్రకటించారంతే. కొన్ని నెట్‌వర్కులు నమ్మేశాయి. అసలు ఫైల్ బదులు దొంగ ఫైల్ వచ్చింది. దాదాపు 19 లక్షల డాలర్లు పోయాయి. బ్రౌజర్ ఒక్క వార్నింగ్ కూడా ఇవ్వలేదు, ఎందుకంటే దొంగల దగ్గర చెల్లుబాటయ్యే సర్టిఫికెట్ ఉంది!

అదెలా వచ్చింది? సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ “ఈ డొమైన్ నీదైతే ఈ కోడ్ నీ సైట్‌లో పెట్టు” అంటుంది. లేదా ఆ డొమైన్ అడ్మిన్‌కి మెయిల్‌లో కోడ్ పంపుతుంది. ఏదైనా వెళ్ళేది అదే ఇంటర్నెట్ మీద కదా. దారి మళ్ళిస్తే ఆ చెకింగ్ కూడా దొంగ దగ్గరికే వెళ్తుంది. ఇంటి ఓనర్ ఎవరో కనుక్కుందామని వెళ్తే, దొంగే తలుపు తీసి “నేనే” అన్నట్టు. ఆ మాట నమ్మి తాళాలు కూడా వాడి చేతికే ఇచ్చాం.

బీజీపీ 1989 నాటిది. చెప్పింది నమ్మడమే దాని పద్ధతి. 2008లో పాకిస్తాన్ టెలికాం యూట్యూబ్‌ని తమ దేశంలో ఆపబోతే, ఆ ప్రకటన బయటికి పాకి రెండు గంటల పాటు ప్రపంచంలో చాలా చోట్ల యూట్యూబ్ ఆగిపోయింది. అంటే ఈ బలహీనత అందరికీ తెలిసిందే.

మందు లేదా అంటే ఉంది. ఏ అడ్రసుల్ని ఏ నెట్‌వర్క్ ప్రకటించవచ్చో సంతకంతో చెప్పే ఆర్‌పీకేఐ ఉంది. డొమైన్‌ని ఒకే చోటు నుంచి కాకుండా వేర్వేరు చోట్ల నుంచి చెక్ చేసే పద్ధతిని లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2020లోనే మొదలుపెట్టింది. మిగతా సంస్థలకి అది తప్పనిసరి అయింది మాత్రం 2025లో. రెండూ పూర్తి రక్షణ కాదు, నిజమే. దారి మధ్యలో అబద్ధం చెప్తే ఆర్‌పీకేఐ ఒక్కటే పట్టుకోలేదు. అయినా దొంగ పని చాలా కష్టమవుతుంది.

అందుకే నా అభిప్రాయం: జాగ్రత్త భారమంతా వాడేవాళ్ళ నెత్తిన వెయ్యడం అన్యాయం. రూటింగ్ తప్పుని క్లిక్ చేసేవాడు ఎలా కనిపెడతాడు? అది నెట్‌వర్కులు నడిపేవాళ్ళ పని. నాలుగేళ్ళు పోతే ఆ కుర్చీల్లో కూర్చునేది మనమే. బీజీపీని రెండు మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టి వదిలేస్తే ఎలా?

ఇప్పటికైతే, మీ క్లబ్‌కి డొమైన్ ఉంటే సర్టిఫికెట్ ఎవరు ఇవ్వొచ్చో చెప్పే సీఏఏ రికార్డ్ పెట్టండి. మీ పేరు మీద కొత్త సర్టిఫికెట్లు ఏమైనా వచ్చాయేమో పబ్లిక్ లాగ్స్‌లో అప్పుడప్పుడూ చూడండి. పది నిమిషాల పని. ఇంట్లోవాళ్ళకి చెప్పే ముందు మన వంతు మనం చేద్దాం.