మత్తు - మందు

శస్త్రచికిత్సకు ముందు వైద్యుడిచ్చేదీ మత్తే, కల్లు దుకాణంలో సీసాకెత్తేదీ మత్తే. మన భాష రెంటికీ ఒకే మాట పెట్టింది. (మందు అన్న మాటా అంతే కదా!) అందులో పొరపాటేమీ లేదు. మూర్ఛను ఆపే డయజిపామూ, తీవ్రమైన ఆందోళనను అణచే అల్ప్రాజోలమూ, క్లోరల్ హైడ్రేటుతో పాటు కల్తీ కల్లులోకి చేరుతున్నవే.

2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో పలువురు వణుకుతూ, మూర్ఛలతో, మతి చెదరి ఆసుపత్రులకు చేరారు. తాగినందువల్ల కాదు సుమా, తాగడం హఠాత్తుగా ఆగినందువల్ల! ఏళ్ళ తరబడి ఈ మందుల జోలపాటకు అలవడిన మెదడు, అది ఒక్కసారిగా ఆగితే అదుపు తప్పుతుంది. ప్రాణం మీదికి కూడా రావచ్చు.

నా ఇల్లాలు పోయిన ఏడు నేనూ నిద్రమాత్రకు అలవాటుపడ్డాను. వైద్యుడు దానిని ముక్కాలు, సగం, పావు చేస్తూ మానిపించడానికి మూడు నెలలు పట్టింది. పింఛను పండితునికి దొరికిన ఆ గడువు కల్లు తాగే కూలీకి దొరకలేదు.

కల్తీని ఉపేక్షించమనను. కల్లులో మాత్రలు కలిపేవాణ్ణి శిక్షించవలసిందే. అయితే దుకాణానికి తాళం వేసే నాటికే ఆ ఊరి ఆరోగ్యకేంద్రంలో వైద్యుడూ, క్రమంగా తగ్గించి ఇవ్వడానికి మందూ సిద్ధంగా ఉండాలి. ఆబ్కారీ వారు దాడికి బయలుదేరేముందు వైద్యశాఖకు ఒక్క కబురు పంపడం అంత కష్టమా?