ఊరికే వచ్చింది, ఊరికే పోదు

పెళ్ళిళ్ళ సీజను మొదలైన రోజుల్లో మా సైదాబాద్ కాలనీ మూలమీద ఇద్దరు కుర్రవాళ్ళు బల్ల వేసుకొని నిలబడ్డారు. "అక్కా, పైసలొద్దు, తీస్కపోయి పెట్టుకొని చూడుండ్రి" అంటూ చిన్న చిన్న క్రీము డబ్బాలు పంచారు. పరదేశపు సరుకట. డబ్బా మీద ఒక తెల్లని ముఖం బొమ్మ, మనకు చదవరాని లిపి. అంతే. మా అమ్మ రెండు తెచ్చింది. మా చెల్లెలు నాలుగు రోజులు రాసుకుంది. ఐదో రోజుకు ముఖమంతా ఎర్రబారి మంట. అడుగుదామని మూలమీదికి పోతే బల్లా లేదు, మనుషులూ లేరు.

ఆ డబ్బాలో విషం ఉందని నేననడం లేదు. ఉన్నదో లేదో తెలుసుకొనే దారి లేకపోవడమే నా బాధ.

భయం ఊరికే పుట్టలేదు. కేరళలోని మలప్పురం జిల్లాలో 2021 జూలై, 2023 సెప్టెంబరు మధ్య మూత్రంలో ప్రోటీన్ పోయే ఒక కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని వైద్యులు పరిశీలించారు. 15 మందిలో ఒకే అరుదైన రకం కనబడింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవారే! పాదరసం చర్మానికి రంగునిచ్చే పదార్థం తయారు కాకుండా అడ్డుపడుతుంది. అందుకే ముఖం తేటపడుతుంది. కాని అదే పాదరసం చర్మం గుండా లోపలికి దిగి కిడ్నీల మీద పడుతుంది. ముఖం మెరుస్తుంటే లోపలి సంగతి ఎవరికి తెలుస్తుంది?

మనకు చట్టం లేదా అంటే, ఉంది. 2020 నాటి కాస్మెటిక్స్ రూల్సు ప్రకారం విదేశీ సరుకు మీద రిజిస్ట్రేషను నంబరు, దానిని పొందినవారి పేరు, చిరునామా ఉండాలి. కంటికి వాడేవి తప్ప మిగతా వాటిలో పాదరసం పొరపాటున చేరినా పది లక్షల పాళ్ళలో ఒక పాలు మించరాదు. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 18వ సెక్షను నిబంధనలకు విరుద్ధంగా వచ్చిన సరుకును అమ్మడాన్నే కాదు, పంచడాన్నీ నిషేధించింది. కనుక "ఫ్రీగా ఇచ్చాం కదా" అంటే చెల్లదు.

అయితే చిక్కంతా 26వ సెక్షనులో ఉంది. మామూలు మనిషి ఫీజు కట్టి ప్రభుత్వ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు గాని, అది అతడు "కొన్న" వస్తువై ఉండాలి. 2019 నాటి వినియోగదారుల చట్టంలో కూడా వినియోగదారుడంటే మూల్యమిచ్చి కొన్నవాడు, లేదా అతని అనుమతితో దానిని వాడినవాడు. ఊరికే పుచ్చుకున్నవాడికి బిల్లు లేదు, అడిగే నోరూ లేదు. పది రూపాయల సబ్బు కొన్నవాడికున్నపాటి హక్కు మా చెల్లెలికి లేకపోయింది. ఇదెక్కడి న్యాయం? ఆ "కొన్న" అనే మాట పక్కన "ఉచితంగా పొందిన" అని చేర్చాలని మనం గట్టిగా అడగాలి.

చట్టం మారేదాకా మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. కాలేజీ డేకు స్టాళ్ళు పెట్టేవారు ఎవరైనా సరే, నంబరూ చిరునామా లేని శాంపిల్ మన గేటు దాటరాదని యూనియను తీర్మానించాలి. ఇంట్లో అలాంటి డబ్బా ఉంటే పారవేయకండి. డ్రగ్స్ కంట్రోల్ వారికి ఫిర్యాదు చేసి చూపండి. వారి ఇన్స్పెక్టరుకు శాంపిల్ తీసే అధికారం ఉంది.

మిత్రులారా, తెల్లబడాలన్న ఆశ మనలో ఉన్నంతకాలం ఆ బల్ల ఏదో ఒక మూలమీద మళ్ళీ వెలుస్తూనే ఉంటుంది. ఈసారి చేయి చాచేముందు ఒక్క ప్రశ్న వేయండి: "అన్నా, ఇది ఎవరు తెచ్చిండ్రు?"