48 గంటల రేడియో పోటీ.. తుపాను రోజుకు పనికొస్తుందా?

2025 అక్టోబరు 25, శనివారం ఉదయం 5.30 గంటలు. ప్రపంచవ్యాప్తంగా వేలాది మంది హ్యామ్ రేడియో ఆపరేటర్లు ఒకేసారి మైకు అందుకున్నారు. సోమవారం తెల్లవారేదాకా, అంటే 48 గంటల పాటు ఎవరు ఎక్కువ దేశాలతో, ఎక్కువ మందితో మాట్లాడగలరన్నది పోటీ. అది ముగిసిన మర్నాడు రాత్రే మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది.

ఈ రెండింటికీ సంబంధం ఏమిటనుకుంటున్నారా? సీక్యూ వరల్డ్ వైడ్ అనే ఈ పోటీలో మాటలతో ఆడే భాగం ఏటా అక్టోబరు చివరి వారాంతంలో, మోర్స్ కోడ్‌తో ఆడే భాగం నవంబరు చివరి వారాంతంలో జరుగుతాయి. బంగాళాఖాతంలో తుపాన్లు పుట్టే కాలం కూడా సరిగ్గా ఇదే. విశాఖను ముంచిన హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5న. సెల్ టవర్లు మూగబోయిన ప్రతిసారీ మనకు హ్యామ్‌లు గుర్తొస్తారు. అలా గుర్తొచ్చిన రోజున వాళ్ల రేడియో ఆగకుండా పనిచేస్తుందా, పనిచేయించే మనిషి క్షేమంగా ఉంటాడా అన్నది ముందుగా తేలే చోటు ఈ పోటీలే. అయితే పోటీ మోజులో పడి అదే మనిషి ప్రమాదం తెచ్చుకునే అవకాశం కూడా ఇక్కడే ఎక్కువ.

అసలు ఈ పోటీ ఏమిటి?

హ్యామ్ రేడియో ఎవరు పడితే వారు వాడేది కాదు. కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం పరీక్ష పాసై, లైసెన్సు తీసుకోవాలి. అప్పుడు ఒక కాల్‌సైన్ వస్తుంది. మన దేశంలో ఇవి ఎక్కువగా వీయూ2, వీయూ3తో మొదలవుతాయి. డబ్బు కోసం కాకుండా, సరదాగా, నేర్చుకోవడానికి, అత్యవసర సమయంలో సాయానికి ఈ రేడియో వాడాలి.

పోటీలో మాట చాలా పొట్టిగా ఉంటుంది. అవతలి వ్యక్తి కాల్‌సైన్ చెప్పి, ‘ఫైవ్ నైన్ ట్వంటీటూ’ అంటారు. మొదటి రెండు అంకెలు సిగ్నల్ ఎలా వినిపిస్తోందో చెబుతాయి. 22 అనేది జోన్ నంబరు. ఈ పోటీ కోసం ప్రపంచాన్ని 40 జోన్లుగా విడగొట్టారు. భారత్‌ది 22, అండమాన్ మాత్రం 26. వేరే ఖండంలోని స్టేషన్ దొరికితే మూడు పాయింట్లు. మన దేశంలోనే మరొకరితో మాట్లాడితే సున్నా. చివరికి పాయింట్ల మొత్తాన్ని, దొరికిన దేశాలూ జోన్ల సంఖ్యతో గుణిస్తారు. అందుకే ఒక కొత్త ద్వీపం వినిపిస్తే దాని కోసం అర్ధరాత్రి గంటసేపు గొంతు చించుకునేవాళ్లుంటారు.

ఇందులో ఒక తమాషా ఉంది. అవతలి గొంతు చీకట్లో గుసగుసలా వినిపించినా సరే, పోటీలో దాదాపు అందరూ ‘ఫైవ్ నైన్’ అనే చెబుతారు. అంటే చాలా బాగా వినిపిస్తోందని! టైమ్ ఆదా కోసం అలా అలవాటైపోయింది. పోటీలో దీనివల్ల నష్టం లేదు. తుపాను రాత్రి మాత్రం ఈ అలవాటు పనికిరాదు. ఫలానా ఊళ్లో ఎంతమంది చిక్కుకున్నారు, ఏ మందు ఎన్ని డోసులు కావాలి అన్న సందేశాన్ని రాసుకుని, తిరిగి చదివి వినిపించి, ఖాయం చేసుకోవాలి. వినిపించకపోతే వినిపించలేదని చెప్పాలి. కాబట్టి పోటీలో బాగా ఆడే ప్రతి హ్యామ్ విపత్తులో బాగా పనిచేస్తారనుకుంటే పొరపాటే. ఆ సాధన వేరేగా జరగాలి. రద్దీలో ఒక బలహీనమైన గొంతును పట్టుకునే చెవి, గంటల తరబడి ఆగని యంత్రం.. ఈ రెండే పోటీ ఇచ్చేవి.

ఆ రెండూ ఎంత విలువైనవో 2004లో తెలిసింది. హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ బృందం ఆ డిసెంబరులో పోర్ట్‌బ్లెయిర్ వెళ్లింది. అండమాన్ నుంచి హ్యామ్ గొంతు వినిపించడం అప్పట్లో అరుదు, అందుకే ప్రపంచమంతా వాళ్ల కోసం పోటీపడి పిలిచింది. డిసెంబరు 26 ఉదయం భూకంపం, సునామీ వచ్చాయి. బృందానికి నాయకత్వం వహిస్తున్న భారతి ప్రసాద్ అదే రేడియోతో ద్వీపాల నుంచి ప్రధాన భూభాగానికి సమాచారం చేరవేశారు. సరదా కోసం మోసుకెళ్లిన పరికరాలు అప్పటికే సిద్ధంగా, పనిచేసే స్థితిలో ఉన్నాయి కాబట్టే అది సాధ్యమైంది.

పోటీలో ఏది ముందు చెడుతుంది?

చాలామంది అనుకునేట్టు రేడియో కాదు, దానికి వెళ్లే తీగలు. 100 వాట్ల రేడియో మాట్లాడేటప్పుడు 13.8 వోల్టుల దగ్గర 20 ఆంపియర్లకు పైగా లాగుతుంది. ఎక్కడో ఒక జాయింట్ తుప్పు పట్టి ఒక ఓమ్‌లో పదో వంతు అడ్డుపడిందనుకుందాం. వినడానికి చిన్నదే. కానీ లెక్క వేస్తే ఆ ఒక్క జాయింట్ దగ్గరే 40 వాట్ల వేడి పుడుతుంది, రెండు వోల్టులు పోతాయి. పావుగంట కబుర్లలో ఇది బయటపడదు. రెండు రాత్రుల పోటీలో ప్లాస్టిక్ కరుగుతుంది. బ్యాటరీ వాడేవాళ్లు ఫ్యూజును రేడియో దగ్గర కాకుండా బ్యాటరీ టెర్మినల్‌కు ఆనుకుని పెట్టాలి. మధ్యలో తీగ షార్ట్ అయితే కాపాడేది అదే. లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది కనుక కిటికీలు మూసిన గదిలో అస్సలు వద్దు.

తర్వాత చెడేది డాబా మీది కనెక్టర్. వాన నీరు కోయాక్స్ కేబుల్‌లోకి దిగితే పవర్ యాంటెన్నా దాకా పోకుండా వెనక్కి వస్తుంది. ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు నిన్నటి కన్నా ఇవాళ ఎక్కువ చూపిస్తుంటే, రేడియో తట్టుకుంటుందిలే అని సాగదీయకుండా కనెక్టర్ విప్పి చూడాలి. అది కూడా పగలు, సెట్ ఆపేశాక. 100 వాట్లకే డైపోల్ యాంటెన్నా చివర్లలో వందల వోల్టులుంటాయి. ముట్టుకుంటే చర్మం లోపలి దాకా కాలుతుంది. బట్టలారేసే డాబాల మీద తీగను పిల్లలకు అందే ఎత్తులో కట్టడం హాబీ పేరుతో చేసే నేరమే.

ప్రాణాలు తీసేవి ఏవి?

మొదటిది కరెంటు లైను. మన కాలనీల్లో 11 కేవీ తీగలు బాల్కనీలకు చేతికందేంత దగ్గరగా వెళ్తుంటాయి. పోటీకి ముందురోజు హడావుడిగా పైపు నిలబెట్టేటప్పుడు అది ఒరిగి లైనుకు తగిలితే వదిలించుకునే వ్యవధి ఉండదు. మాస్ట్ ఏ వైపు కూలినా తీగకు ఇంకా కనీసం పదడుగుల దూరం మిగలాలి. అంత స్థలం లేకపోతే అక్కడ యాంటెన్నా కట్టకూడదు, అంతే.

రెండోది పిడుగు. దేశంలో ఏటా రెండు వేల మందికి పైగా పిడుగుపాటుతో చనిపోతున్నారు. పోటీ మధ్యలో ఉరుము వినిపిస్తే ఆపరేటర్ చేయాల్సింది లేచి దూరంగా వెళ్లడం. కేబుల్ పీకేద్దామని అప్పుడు చేయి పెట్టడం మరింత ప్రమాదం. ఆకాశం మబ్బు పట్టినప్పుడే కేబుల్ విప్పి ఇంటి బయటికి వదిలేయాలి. పుణెలోని ఐఐటీఎం తెచ్చిన దామిని యాప్ 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగుల హెచ్చరిక ఇస్తుంది. చివరి ఉరుము విన్న తర్వాత అరగంట ఆగాలి. ఆ అరగంటలో పోయే పాయింట్లు పోనివ్వండి.

ఎర్తింగ్ విషయంలో పాత హ్యామ్‌లు కూడా పొరబడుతుంటారు. రేడియో కోసం పెరట్లో విడిగా ఒక రాడ్ పాతి, ఇంటి ఎర్త్‌తో కలపకుండా వదిలేస్తారు. దగ్గర్లో పిడుగు పడినప్పుడు ఆ రెండు ఎర్త్‌ల మధ్య వేల వోల్టుల తేడా వస్తుంది, అది ప్రవహించే దారి మీ రేడియో, మీ చెయ్యి. రెండింటినీ లావుపాటి రాగి తీగతో కలపాలి. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి.

మూడోది పాత తరహా వాల్వ్ యాంప్లిఫయర్. పోటీ నిబంధనలు 1500 వాట్ల దాకా ఒప్పుకున్నా, ఏ దేశపు లైసెన్సు పరిమితి ఆ దేశానిదే. మనవాళ్లు దాన్ని దాటకూడదు. పరిమితిలో ఉన్న యాంప్లిఫయర్ లోపల కూడా రెండు మూడు వేల వోల్టులుంటాయి. ప్లగ్ పీకేసినా కెపాసిటర్లు ఆ చార్జ్‌ను పట్టుకుని ఉంటాయి. 50 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌లో 2500 వోల్టులుంటే, దాదాపు 156 జౌళ్ల శక్తి. ఆస్పత్రిలో ఆగిన గుండెకు ఇచ్చే షాక్ అంత! నిద్రలేని రెండో రాత్రి, మూడు గంటలకు, ఫ్యూజు పోయిందని దాని మూత విప్పే మనిషిని ఊహించుకోండి. ఆ సమయంలో మూత ముట్టుకోకూడదన్నది ముందే పెట్టుకోవాల్సిన నియమం.

తుపాను రోజుల్లో దీనికి జనరేటర్ తోడవుతుంది. గదిలో నడిపితే కార్బన్ మోనాక్సైడ్ కంటికి కనిపించకుండా చంపుతుంది. రెండు వైపులా పిన్నులున్న తీగతో ఇంటి సాకెట్‌లోకి సరఫరా ఇస్తే, ఆ కరెంటు బయటి లైనులోకి వెళ్లి, స్తంభమెక్కి మరమ్మతు చేస్తున్న లైన్‌మన్‌ను చంపగలదు. చేంజోవర్ స్విచ్ లేకపోతే రేడియోను నేరుగా జనరేటర్‌కే కలపాలి.

అపార్ట్‌మెంట్ వాసులకు ఒక మాట. అసోసియేషన్ వద్దంటుందని చాలామంది హ్యామ్‌లు రాత్రిపూట, ఒంటరిగా, చాటుమాటుగా తీగలు కడుతుంటారు. ఒప్పుకోకపోవడం వల్ల యాంటెన్నా ఆగదు, భద్రత మాత్రం పోతుంది. పగటిపూట, ఇద్దరి సాయంతో, ఎలక్ట్రీషియన్ చూస్తుండగా కట్టమని షరతు పెట్టడం మేలు. గాలివాన తర్వాత ఏదైనా యాంటెన్నా తీగ కరెంటు లైను మీద పడి కనిపిస్తే మాత్రం దగ్గరికి వెళ్లకండి, కర్రతో తీయాలని చూడకండి. పిల్లల్ని దూరంగా ఉంచి, 1912కు ఫోన్ చేయండి.