సముద్రపు నాచుతో కొల్లేరు బాగుపడుతుందా?

ఏలూరు: ఫ్యాక్టరీల మురుగునీటిలోని సీసం, కాడ్మియం లాంటి భారలోహాలను సముద్రపు నాచుతో తీసేయొచ్చని పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. మరి కొల్లేటికి ఇది పనికొస్తుందా? ఫ్యాక్టరీ గేటు దగ్గర వాడితే కొంత పనికొస్తుంది. సరస్సులో వేస్తే మాత్రం లాభం లేదు.

దీనికి బతికున్న నాచు అక్కర్లేదు. సర్గాసం లాంటి గోధుమరంగు నాచును ఎండబెట్టి, పొడిచేసి, గొట్టాల్లో నింపి మురుగునీటిని అందులోంచి పంపిస్తారు. నాచులోని ఆల్జినేట్ అనే పదార్థం లోహాలను పట్టేసుకుంటుంది. పలచని యాసిడ్‌తో కడిగితే అవి విడిపోతాయి. నాచును మళ్లీ కొన్నిసార్లు వాడుకోవచ్చు. అద్దకం నీటిలోని కొన్ని రంగులను కూడా ఇది లాగేస్తుంది. ఉన్నికి రంగులేసి తివాచీలు నేసే ఏలూరుకు ఇది తెలుసుకోవాల్సిన సంగతే.

కొల్లేరు మంచినీటి సరస్సు. ఉప్పునీటి నాచు ఇక్కడ పెరగదు. పైగా ఇక్కడికొచ్చే మురికి ఒక్క రకం కాదు. బుడమేరు, తమ్మిలేరు, డ్రెయిన్లు కలిసి పట్టణాల మురుగు, పొలాల పురుగుమందులు, చేపల చెరువుల వ్యర్థాలు, పరిశ్రమల నీరు మోసుకొస్తాయి. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. 1999లో అభయారణ్యంగా ప్రకటించినా, 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చినా ఈ మురికి ఆగలేదు.

2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా మూర్ఛ, కళ్లు తిరగడంతో ఆస్పత్రుల పాలయ్యారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత నిపుణులు పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమన్నారు. అవి ఒంట్లోకి ఎలా చేరాయో అప్పటికి తేలలేదు. నీటిలో ఏముందో ముందే తెలిసుంటే ఆ గందరగోళం చాలావరకు తప్పేది.

ఇంకో చిక్కు కూడా ఉంది. నాచు పట్టుకున్న విషం మాయమైపోదు. దాన్ని భద్రంగా పారేయకపోతే మళ్లీ నేలలోకే చేరుతుంది. కొల్లేటి గుర్రపుడెక్కదీ ఇదే కథ. అది కూడా లోహాలను పీల్చుకుంటుంది కానీ, తీయకుండా వదిలేస్తే కుళ్లి తిరిగి బురదలోకే వదులుతుంది.

కాబట్టి ముందు కావాల్సింది లెక్క. ఏ డ్రెయిన్‌లో ఏముంది, ఎంతుంది అన్నది కాలుష్య నియంత్రణ మండలి క్రమం తప్పకుండా పరీక్షించి, ఫలితాలను జనానికి తెలుగులో, ఉర్దూలో చెప్పాలి. తాడేపల్లిగూడెంలో నిట్ ఉంది, నాచు ప్రయోగం అక్కడే చేసి చూడొచ్చు. కానీ శుభ్రం చేసే ఖర్చు మాత్రం నీళ్లు పాడుచేసినవాళ్లే భరించాలి. ఆ నీళ్లు తాగి, ఆ చేపలు తినే కుటుంబాల మీద పడకూడదు.