గడి దాటితే చాలునా?



మార్కుల పట్టికలు, విద్యార్థుల వివరాల పట్టికలు కాగితాన్ని విడిచి అంతర్జాలానికి చేరి చాలా ఏండ్లయినది. పాఠం చెప్పే సమయంతో నేడు పోటీపడుతున్నది పట్టికలు నింపే సమయమే. తెరమీది పట్టికలో ఒక గడిని తాకుతాము. అది అక్కడికక్కడే వ్రాయడానికి తెరచుకుంటుంది. అంకె దిద్ది పక్క గడికి పోతాము. ఆ దిద్దుబాటు దానంతట అదే భద్రపడవలెనా, లేక మనము ‘భద్రపరచు’ అన్న మీట నొక్కిన తరువాతనే భద్రపడవలెనా? ఇది యంత్రవిద్య తెలిసినవారు తేల్చుకోవలసిన సంగతి అని నేను చాలాకాలం అనుకున్నాను. అది పొరపాటు. ఆ గడులలో ఉన్నవి మన పిల్లల పేర్లు, మార్కులు, మాతృభాష.

నా అభిప్రాయం ముందే చెబుతాను. గడి దాటగానే భద్రపడవలసినదే. కాని చడీచప్పుడు లేకుండా భద్రపడరాదు.

మొదటి మాటకు కారణం మనలో చాలామంది అనుభవమే. తరగతిలో 40 మంది పిల్లలు, 5 పాఠ్యాంశాలు, వెరసి 200 గడులు. అన్నీ నింపి, చివర ఉన్న మీట నొక్కగానే ‘మీ సమయం ముగిసినది, మరల ప్రవేశించండి’ అన్న వాక్యం కనబడుతుంది. గంటసేపు వంచిన తల ఎత్తకుండా పనిచేసిన మనకు సమయం ముగియడమేమిటి? కొంతసేపు మన నుండి ఏ కబురూ రాకపోతే మనము లేచి వెళ్ళిపోయామని అవతలి సర్వర్ అనుకొని తలుపు మూస్తుంది. మనము టైపు చేసినదంతా మన తెరమీదనే ఉన్నది, అటువైపు ఒక్క అక్షరమూ పోలేదు. కాబట్టి చెమటోడ్చి పనిచేసినవారూ దాని దృష్టిలో నిద్రపోతున్నవారే. గడి దాటినప్పుడల్లా ఆ ఒక్క అంకె అటు చేరి ఉంటే, కరెంటు పోయినా, గడువు ముగిసినా పోయేది చివరి గడి మాత్రమే.

పైగా ఇది మన చేతికి అలవాటైన పద్ధతి. 1979లో వచ్చిన విసికాల్క్ మొదలుకొని లెక్కల పట్టికలలో ఒక గడిలో అంకె వేసి ముందుకు పోతే అది నమోదైనట్టే. ఎక్సెల్ నేర్చినవారికి ఎంటర్, ట్యాబ్ మీటలు ఈ పనికే ఉన్నవని తెలుసు. ఎస్కేప్ నొక్కితే పాత అంకె తిరిగివస్తుందనీ తెలుసు. కాని అక్కడ గడిలో నమోదు కావడం వేరు, ఆ దస్త్రం గణకయంత్రంలో భద్రపడడం వేరు. రెండవదాని కోసం కంట్రోల్, ఎస్ మీటలు కలిపి నొక్కడం నేర్చుకున్నాము. 2006లో గూగుల్ వారి పట్టికలు అంతర్జాలంలోకి వచ్చిన తరువాత ఆ రెండు మెట్లూ ఒకటైనవి. ఇప్పుడు మన ఎదుటికి వచ్చే పట్టికలలో కొన్ని పాతదారిలో, కొన్ని కొత్తదారిలో నడుస్తున్నవి. ఏది ఏ దారిదో పైకి చూస్తే తెలియదు. చిక్కంతా ఇక్కడే మొదలవుతున్నది.

నాకు జరిగినది చెబుతాను. కొన్నేండ్ల క్రిందట మా హోసూరు ప్రాంతపు పిల్లల వివరాలను ఒక జాలపట్టికలో సరిచూస్తున్నాను. ‘మాతృభాష’ అన్న నిలువువరుసలోని గడిని తాకితే తమిళం, తెలుగు, కన్నడం, ఉర్దూ అని జాబితా దిగుతుంది. ఒక బాలిక గడిలో తెలుగు అని సరిగానే ఉన్నది. చూశాను. పై వరుసలకు పోదామని మౌస్ చక్రం త్రిప్పాను. పట్టిక జరుగలేదు. ఆ గడి ఇంకా నా చేతిలోనే ఉన్నందున జాబితాలోని భాష జరిగింది. నేను గమనించక మరొక చోట నొక్కాను. గడి దాటినట్టయినది. భద్రపడినది. తెరమీద ఏ గుర్తూ లేదు. మా తెలుగు పిల్ల క్షణంలో తమిళ పిల్ల అయింది.

దీనిలో అంత మునిగిపోయినదేమి అని ఆంధ్రదేశంలోని మిత్రులు అడుగవచ్చును. అక్కడ తెలుగు అన్న మాట వ్రాయకపోయినా తెలుగే. మావంటి చోట్ల అలా కాదు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించడానికి తగిన వసతులు కల్పించవలెనని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతున్నది. 1956లో ఏడవ సవరణ ద్వారా వచ్చినది అది. అయితే ఆ పిల్లలు ఎందరున్నారని తేల్చేది ఈ గడులే. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం వచ్చినది మొదలు, ఆ గడికి మునుపు లేని బరువు వచ్చింది. తెలుగు తరగతి ఉండవలెనా, ఉపాధ్యాయుడు ఉండవలెనా అన్న ప్రశ్న వచ్చిన రోజున పై అధికారి మా వీధికి వచ్చి పిల్లల మాట వినరు. పట్టిక చూస్తారు.

ఈ సంగతి విన్న నా సహోపాధ్యాయులొకరు, అందుకే మీట పద్ధతి మేలు అన్నారు. వారి మాట త్రోసివేయలేను. అయినా ఆలోచించి చూడండి. 200 గడులు నింపిన తరువాత మీట నొక్కేవారిలో ఎందరు మరల ఒక్కొక్క గడినీ చదువుతారు? నేనైతే చదివేవాడిని కాను. ఆ తప్పు మీట నొక్కినా అటు చేరేదే. నన్ను దెబ్బతీసినది భద్రపడడం కాదు. మారినదన్న గుర్తు లేకపోవడం, పాతది ఏమిటో మిగలకపోవడం.

మన కాగితపు రిజిస్టరు సంగతి జ్ఞాపకం చేసుకోండి. తప్పు పడితే గీకి చెరపరాదు, తెల్లరంగు పూయరాదు. పాత అంకె కనబడేటట్టు ఒకే గీత కొట్టి, పైన సరియైనది వ్రాసి, పక్కన చిన్న సంతకం, తేదీ వేయవలెను. శిక్షణలో మాకు నేర్పిన మొదటి విషయాలలో ఇదొకటి. తెరమీది పట్టికను కూడా నేను అడుగుతున్నది ఇంతే. గడి మారగానే రంగు మారవలెను. అటు చేరినదని సర్వర్ జవాబు వచ్చేవరకు ఆ రంగు పోరాదు. చేరకపోతే నేను వ్రాసినది తుడిచివేయక అక్కడే ఎర్రగా నిలిపి ఉంచవలెను. ఎవరు, ఎప్పుడు, దేనిని దేనిగా మార్చారో వెనుక నమోదై ఉండవలెను. వెనక్కు తీసుకునే మీట ఒకటి దగ్గరలో ఉండవలెను.

తెలుగు వ్రాసేవారికి మరొక చిక్కు ఉన్నది. ఇంగ్లీషు అక్షరాలు నొక్కి తెలుగు రప్పించే పద్ధతులు కొన్నిటిలో, ఖాళీ మీట నొక్కేవరకు చివరి మాట స్థిరపడదు. పేరు పూర్తికాకముందే పక్క గడిని తాకితే ఆ చివరి మాట పోవచ్చును, లేదా జాబితాలోని మొదటి మాట దిగవచ్చును. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో వ్రాసేవారికి ఈ బాధ లేదు. కాని ఎందరు నేర్చుకున్నారు? ఇంకొకటి. మన కంటికి ‘లక్ష్మి’ అన్నది రెండక్షరాలు. యూనికోడు లెక్కలో అది 7 సంకేతాలు, భద్రపరచేటప్పుడు యూటీఎఫ్-8 పద్ధతిలో 21 బైట్లు. ఇంగ్లీషు పేర్లను మనసులో ఉంచుకొని కొలిచిన గడిలో మన పేర్లు పట్టక తోక తెగిపోతే, తెరమీద నిండుగా కనబడుతూనే అటువైపు సగమే భద్రపడుతుంది. అందువలన భద్రపడిన తరువాత గడిలో కనబడవలసినది నేను టైపు చేసినది కాదు, అటు చేరినది. పట్టికలు తయారుచేసేవారు ఈ ఒక్క మాట వింటే చాలు, సగం పేర్లు బాగుపడతాయి.

గడి దాటడం అంటే ఏమిటో కూడా వారు కొంచెం నిదానించి చూడవలెను. కావలసిన కాగితం వెదకడానికి మరొక కిటికీకి పోతే, యంత్రానికి అదీ గడి దాటినట్టే. ఇంకా వింత ఏమంటే, తప్పు వ్రాశామని ‘రద్దు’ మీట నొక్కబోతే, ఆ మీటను తాకడమే గడిని విడవడం అవుతుంది. ముందు తప్పు భద్రపడి, తరువాత రద్దు పని మొదలవుతుంది! 20కి మించని పరీక్షలో 91 అని పడితే దానిని ఆపి అడగడం మరువరాదు. ఇద్దరు ఉపాధ్యాయులు ఒకే వరుసమీద పనిచేస్తున్నప్పుడు మొత్తం వరుసను కాక మారిన గడిని మాత్రమే పంపవలెను. లేకుంటే నా గణితం మార్కు దిద్దుబాటు వెంట, వారి తెలుగు మార్కు పాతదైపోతుంది.

ఒక్క చోట మాత్రం మీట ఉండి తీరవలెను. అది ప్రధానోపాధ్యాయుల ధ్రువీకరణ. గడి దాటితే చిత్తుప్రతి భద్రపడవచ్చును. పై కార్యాలయానికి పోవలసినది ఎవరో ఒకరు చదివి, చేయి చేసుకొని, నొక్కిన తరువాతనే పోవలెను.

కొత్త పట్టిక ఎదుటికి వచ్చినప్పుడు నేను ఇప్పుడు చేసే పని ఇది. ఒక గడిలో చిన్న మార్పు చేసి, ఎంటర్ నొక్కక పక్కకు పోయి, ఆ పుటను మూసి మరల తెరుస్తాను. మార్పు నిలిచినదా లేదా చూసి, దానిని సరిచేసి, అప్పుడు అసలు పని మొదలుపెడతాను. రెండు నిమిషాలు పడుతుంది. చక్రం త్రిప్పే ముందు గడి బయట ఖాళీ చోట ఒకసారి నొక్కడం అలవాటయినది. పని ముగిసిన తరువాత పేరు, పుట్టినతేదీ, మాతృభాష వరుసలను ముద్రించి తల్లిదండ్రుల ముందు పెడుతున్నాను.

ఆ బాలిక గడి తప్పు తెలిసినది కూడా అట్టి ముద్రిత పుటలోనే. సరిచేయించడానికి దరఖాస్తు, ఆధారపత్రం, రెండు నెలల కాలం పట్టినవి. ఆమె తండ్రిగారు మరుసటి ఏడాది వచ్చి కూర్చొని, వేలు పెట్టి వరుసంతా చదివి, “అయ్యవారూ, భాష సరిగానే ఉండాది, ఇంటిపేరులో దీర్ఘం పోయింది చూడండి” అన్నారు. చూస్తే నిజమే.